శుభ్రం చేసిన డప్పు

కీబోర్డు వాయించేవాళ్ళను నేను చాలామందిని చూశాను. పాడేదాని గొంతు ఎక్కడికి పోతోందో పట్టించుకోకుండా తన దారిన తాను వాయించుకుపోయేవాళ్ళే ఎక్కువ. నేను చరణం మర్చిపోతే నాకంటే ముందు కంగారు పడి, ఇంకో రౌండు మ్యూజిక్ తిప్పి నా పరువు నిలబెట్టినవాడు భాస్కర్ ఒక్కడే. అందుకే వాణ్ణి తిట్టే హక్కు నాకుందనుకుంటాను. అసలు ఇది నిండా తిట్లతో రాయాలని కూర్చున్నాను. తిట్లు రావడం లేదు.

నా పేరు అనూరాధ. పుట్టింది విజయనగరం. పెళ్ళిళ్ళకీ, అమ్మవారి సంబరాలకీ, రాజకీయ నాయకుల పుట్టినరోజులకీ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ తిరిగి పాడే ఆర్కెస్ట్రా గాయనిని. మా ట్రూపులో కీబోర్డు భాస్కర్‌ది. ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు పోతే, ఇంక రోడ్డు లేదురా బాబూ అనుకున్నచోట వాళ్ళ పేట ఉంటుంది. చేపల వేట మీద బతికే కుటుంబం. తండ్రి చిన్నప్పుడే పోయాడు. అన్న ధనరాజు పడవ మీద వెళ్ళేవాడు, తల్లి లక్ష్మణమ్మ ఎండు చేపలు అమ్మేది. భాస్కర్‌కి మాత్రం పడవెక్కితే వాంతులు. "సేప కడుపున పుట్టి నీల్లంటే బయమేట్రా నీకు" అని పేటంతా నవ్వేది. అన్న నవ్వలేదు. ఎవరో వాడి వదిలేసిన జపాన్ కీబోర్డు ఒకటి విశాఖపట్నంలో కొని, బస్సు మీద వేయించుకొచ్చి ఇంట్లో దించాడు.

"నీకు సముద్రం అచ్చిరాదు గానీ, ఇది వస్తాదేమో సూడు" అన్నాడట.

వచ్చింది. పిల్లాడు ఏడాది తిరక్కుండా పెళ్ళి బ్యాండుల్లో వాయించడం మొదలుపెట్టాడు.

ఆ కీబోర్డులో ఒక సదుపాయం ఉండేది. మైకు పెట్టి ఏ శబ్దాన్నైనా లోపలికి పట్టి, ఒక మీటకు అంటించుకోవచ్చు. ఆ మీట నొక్కితే ఆ శబ్దమే వస్తుంది. ధనరాజుకు డప్పు పిచ్చి. సంబరానికి పై ఊళ్ళ నుంచి వచ్చే డప్పులవాళ్ళ వెనక తిరిగి తిరిగి తనూ నేర్చుకున్నాడు. ఒక సాయంత్రం ఒడ్డున తాటాకుల మంట వేసి, డప్పు కాచి, అన్న దరువేస్తుంటే తమ్ముడు మైకు పట్టుకున్నాడు. సముద్రపు చెమ్మకు తోలు దిగిపోయి దరువు కాస్త మెత్తగా పలికింది. వెనకాల గాలి, కెరటాల హోరు. పాటగాళ్ళకు నచ్చే శబ్దం కాదు. అయినా అన్నది కదా అని భాస్కర్ దాన్ని చిట్టచివరి మీటకు అంటించాడు. నేను మొదటిసారి విన్నప్పుడు "ఇదేం డప్పురా, జలుబు చేసినట్టుంది" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఆ తరవాతి వేటలోనే ధనరాజు పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. ధనరాజు రాలేదు. శవమూ రాలేదు.

లక్ష్మణమ్మ రోజూ ఒడ్డుకు వెళ్ళి కూర్చునేది. పెద్దలు కొన్నాళ్ళు చూసి, ఇంక కర్మ చేసెయ్యాలన్నారు. "నా పెద్దోడు సావనేదు. వస్తాడు. మీరెవుర్రా పిండం పెట్టడానికి?" అని ఆవిడ విస్తరి విసిరికొట్టింది. వాళ్ళు ఇంకో విస్తరి వేసి కానిచ్చేశారు. ఆ రోజుతో లక్ష్మణమ్మ మాట మానేసింది. శ్రీకాకుళం డాక్టర్లు గొంతులో ఏ లోపమూ లేదన్నారు. చేపలు ఎండబెడుతుంది, తిరగేస్తుంది, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది, బేరం వేళ్ళతో చూపించి చేస్తుంది. భాస్కర్‌ను చేసుకుని కోడలు హేమ వచ్చినా, మనవరాలు పుట్టినా నోరు విప్పలేదు. "మాట పడిపోనేదక్కా. మడిసి మీద కోపంతో కూడు మానేస్తారు సూడు, అలగ మానేసినాది" అని హేమ నాతో చెప్పింది.

ఏడాదికి ఒక్క రోజు మాత్రం లక్ష్మణమ్మ మాట్లాడేది.

వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగే ముందు పేటలో గంగమ్మ సంబరం చేస్తారు. ధనరాజు పోయిన మరుసటి ఏడు డప్పులవాళ్ళు రాలేదు. మధ్యాహ్నం ఘటాలు ఒడ్డుకు బయల్దేరే వేళకు చప్పుడు లేకపోతే ఎలాగని, భాస్కర్ ఆ చివరి మీట నొక్కడం మొదలుపెట్టాడు. స్టేజీ పక్కన ఆకాశమంత సౌండు బాక్సు. ఆడవాళ్ళ వెనక ముడుచుకుని కూర్చున్న లక్ష్మణమ్మ లేచింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆ బాక్సుకు చెవి ఆనించింది. ఒళ్ళు వణికింది, ముడి ఊడిపోయింది. అమ్మవారు పూనిందని పేటంతా కేకలు. పసుపు నీళ్ళు పోశారు, వేపమండలు చేతికిచ్చారు. "వేట ఎలగుంటాది తల్లీ?" అంటే "తూరుపు గాలి తిరిగేదాకా ఆగండి" అంది. అన్ని నెలలుగా వినని గొంతు. చివర్న హారతి ఇచ్చాక, బాక్సు మీద అరచెయ్యి వేసి అడిగింది:

"బువ్వ తిన్నావేట్రా?"

బాక్సుకు వెనకే కీబోర్డు ముందు భాస్కర్ కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు నవ్వారు. "సూడరా, అమ్మోరు మా బాస్కరుగాడికి కూడు అడుగుతన్నాది!" అన్నారు. వాడు లేచి నిలబడి "తిన్నానమ్మా" అన్నాడు. అబద్ధం. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

అప్పటి నుంచీ ప్రతి ఏడూ అంతే. అదే దరువు, అదే పూనకం, అదే ప్రశ్న, అదే అబద్ధం. పక్కన స్టేజీ మీద నేనుండేదాన్ని. సంబరానికి పదిరోజుల ముందు నుంచే వాడి మొహంలో పెళ్ళికళ వచ్చేది. మిగతా ఏడాదంతా తల్లి వాడి ముందు కంచం పెట్టేటప్పుడు కూడా వాణ్ణి కళ్ళెత్తి చూసేది కాదు. మనిషన్నాక ఒక మాట మీద బతకొచ్చు. వాడు బతికాడు.

కీబోర్డే బతకలేదు. సముద్రపు ఉప్పుగాలి ఇనప గజాల్నే తినేస్తుంది, అదెంత! ముందు మీటలు అంటుకుపోవడం మొదలైంది. తరవాత పాట మధ్యలో ఉన్నట్టుండి గొంతు మూసుకునేది. రణస్థలం దగ్గర ఒక పెళ్ళిలో తలంబ్రాల వేళకు మూగబోతే, పెళ్ళికొడుకు మేనమామ స్టేజీ ఎక్కి వాణ్ణి కొట్టబోయాడు. ఆ తిట్లన్నీ తిని, బస్సులో నా పక్కన కూర్చుని వాడన్న మాట ఒకటే.

"అక్కా, సంబరం రోజు కూడా ఇలగే అయితే?"

"అయితే ఏటి? డప్పులోల్లని పిలుస్తారు."

"డప్పులోల్లొస్తే అమ్మ కదలదక్కా. మొన్న పక్క పేటలో డప్పులు మోగినాయి. సేపలు తిరగేసుకుంటా కూకుంది. ఆ మీటే కావాల."

సరే, కొత్తది కొనాలి. ఏది కొనాలన్న దగ్గరే వచ్చింది తంటా. విజయనగరంలో మోహనకృష్ణ అని నాకు తెలిసినతను చిన్న స్టూడియో నడుపుతాడు. బొబ్బిలి వైపువాళ్ళు, తరతరాలుగా గుళ్ళో వీణ సేవ చేసిన కుటుంబం. ఇతను మాత్రం వీణను కూడా లాప్‌టాప్‌లోంచే పలికిస్తాడు. భాస్కర్‌ను అతని దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

"కీబోర్డయితే స్విచ్చేస్తే పలుకుతుంది. ఇంకేం అడగదు. పదేళ్ళయినా అవే శబ్దాలు, ఏది ఎక్కడుందో చూడకుండా వేళ్ళకే తెలిసిపోతుంది" అన్నాడు మోహనకృష్ణ. "లాప్‌టాప్‌లో నీకు ఎన్ని వాయిద్యాలు కావాలంటే అన్ని వేసుకోవచ్చు. కానీ దాని బుద్ధి ఎప్పుడు ఎలా ఉంటుందో దానికే తెలీదు. సరిగ్గా సెట్ చేసుకోకపోతే వేలు పడ్డాక రవ్వంత ఆగి మోగుతుంది. ఎండలో తెర కనపడదు. వేడెక్కితే బిగుసుకుపోతుంది."

"మరి నువ్వెందుకు వాడతావయ్యా?" అన్నాను.

"నాకు ఏసీ ఉందండీ" అన్నాడు, సిగ్గు లేకుండా.

మూడో దారి కూడా ఒకటి చెప్పాడు. తెర లేని పెట్టె. లోపల ఉండేది కంప్యూటరే గాని దానికి వాయించడం తప్ప ఇంకో పని రాదు. అందుకే ఆగదు. దాని ధర విని భాస్కర్ దాని గురించి మళ్ళీ ఎత్తలేదు. కొత్త కీబోర్డుల్లో వాడి డప్పును ఎక్కించుకునే సదుపాయం ఉన్నవి కూడా అందే ధరలో లేవు. లాప్‌టాప్ ఒక్కటే అందింది. ఇంట్లో నెల రోజులు అదే గోల. పొద్దున్న లాప్‌టాప్ అనేవాడు, మధ్యాహ్నానికి పాతదానికే రిపేరు చేయిస్తాననేవాడు. హేమ విసిగిపోయింది. "పెల్లాన్ని సేసుకున్నప్పుడు ఇంత ఆలోసించనేదు నువ్వు" అంది. చివరికి వాడు రెండూ చేశాడు. వాడిన లాప్‌టాప్ ఒకటీ, దానికి తగిలించుకునే ఉత్త మీటల పలక ఒకటీ తీసుకున్నాడు. పాత కీబోర్డును తోడుగా ఉంటుందని రిపేరుకు ఇద్దామనుకున్నాడు.

ఇచ్చేముందు తెలివిగానే ఆలోచించాడు. డప్పు శబ్దాన్ని కీబోర్డులోంచి వైరు పెట్టి లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు. తరవాతే మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. ఆ పాత రకం యంత్రాల్లో మనం ఎక్కించిన శబ్దాలు లోపలున్న చిన్న బ్యాటరీ బలం మీద నిలబడతాయట. మెకానిక్ విప్పి బ్యాటరీ తీసేసరికి లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. యంత్రం కూడా మళ్ళీ లేవలేదు. ఆ కబురు నాకు ఫోన్లో చెబుతూ భాస్కర్ నవ్వాడు.

"పోతే పోనీ అక్కా. అన్న దరువు నా దగ్గర భద్రంగా ఉన్నాది. పైగా ఇప్పుడెంత బాగుందో తెలుసా!"

బాగుండడమంటే ఏమిటో సంబరానికి వారం ముందు వినిపించాడు. జలుబు చేసిన డప్పు కాదది. కణకణలాడే మంట మీద కాచి తీసినట్టు ఖణేల్మంది. లాప్‌టాప్‌లో ఒక బొత్తాం ఉంటుందట. ఇదీ అక్కర్లేని గోల అని కొంచెం ముక్క చూపిస్తే చాలు, అలాంటిదాన్నంతా వెతికి వెతికి తీసేస్తుంది. గాలి పోయింది, కెరటాలు పోయాయి. దిగిపోయిన తోలును ఇంకో బొత్తాంతో బిగించాడు. తాళం తప్పిన దెబ్బను జరిపి సరిచేశాడు. వారం రోజులు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, గర్భగుడిలో విగ్రహాన్ని కడిగినంత శ్రద్ధగా కడిగాడు. కడిగి, అదే పేరుతో పాతదాని మీదే సేవ్ చేసేశాడు. డప్పులు రెండు ఉంటే స్టేజీ మీద తికమక పడతానని.

"ఈసారి అమ్మ ఇంకాసేపు మాటాడతాది సూడు" అన్నాడు.

అందరి భయమూ లాప్‌టాప్ ఆగిపోతుందనే. భాస్కర్ దాని కింద తడిగుడ్డ పరిచాడు, పక్కన ఫ్యాను పెట్టాడు, ఎండ పడకుండా గొడుగు కట్టాడు. ఇంటర్నెట్ పీకేశాడు. జనరేటర్ ఎగిరిగంతేసినా ఇబ్బంది లేకుండా చార్జింగు నిండుగా పెట్టాడు. నేను పాడుతున్నంతసేపూ ఓరకంటితో ఆ తెరకేసే చూశాను. ఎప్పుడు బిగుసుకుంటుందా అని గంగమ్మ కంటే దానికే ఎక్కువ మొక్కాను.

ఆగలేదు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. అంత చక్కగా పనిచేసిన యంత్రాన్ని నేను ఈ వృత్తిలో చూడలేదు.

ఘటాలు లేచాయి. భాస్కర్ చివరి మీట మీద వేలు వేశాడు. దరువు ఇసక దిబ్బల అవతలిదాకా మోగింది. కుర్రాళ్ళు ఈలలు వేసి ఎగిరారు. లక్ష్మణమ్మ లేచింది, ఎప్పట్లాగే జనాన్ని తోసుకుంటూ వచ్చింది, బాక్సుకు చెవి ఆనించింది. పసుపు నీళ్ళ చెంబుతో ఒకావిడ సిద్ధంగా నిలబడింది.

వణుకు రాలేదు. లక్ష్మణమ్మ చెవి మార్చి రెండోది పెట్టింది. దరువుకూ దరువుకూ మధ్య ఊపిరి బిగబట్టి వింటోంది. బాక్సు వెనక్కి వెళ్ళి చూసింది. వైర్లూ భాస్కరూ తప్ప ఇంకెవరూ లేరు. మళ్ళీ ముందుకొచ్చి, రెండు చేతులతో దాన్ని తట్టింది, నిద్రపోయేవాణ్ణి లేపినట్టు. భాస్కర్ ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా వాయించాడు. జనం సద్దుమణిగారు. అప్పుడు లక్ష్మణమ్మ వాడి వైపు తిరిగింది. పూనకం లేదు, కేక లేదు. పొయ్యి దగ్గర కూర్చుని అడిగే మామూలు గొంతు.

"పెద్దోడేడిరా?"

భాస్కర్ వేలు మీట మీదే ఉండిపోయింది.

"ఇందులో ఉండేవోడు. ఏడిరా? ఏటి సేసినావు?"

ఆవిడ కాసేపు నిలబడి, కొంగు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. అమ్మవారు పలకకుండానే పడవలు నీళ్ళలోకి దిగాయి.

ఏం జరిగిందో వాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. స్టేజీ దిగి ఇసకలో కూలబడి వాడే చెప్పాడు. "దరువు అయిపోనాక సివర్న 'హూఁ' అని ఒకటొచ్చేదక్కా. గాలి గోలనుకున్నాను. గాలి కాదు. వల లాగినప్పుడు, డప్పు కొట్టినప్పుడు అన్న అలగే అనేవోడు. సిన్నప్పటి నుంచీ యిన్నాను. నాకు ఎరికే. అయినా కెరటాలతో కలిపి తోసేసినాను."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెత నా నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూసి మింగేశాను.

తరవాత వెతకని చోటు లేదు. మోహనకృష్ణ లాప్‌టాప్ ముందు రెండు పూటలు కూర్చుని, సేవ్ చేసిందాని మీద సేవ్ చేస్తే పాతది రాదని తేల్చాడు. పేటలో అందరి ఫోన్లలో పాత సంబరాల వీడియోలు అడిగి తెచ్చుకున్నాడు భాస్కర్. ప్రతి ఏడుదీ ఉంది. దరువు వినిపిస్తుంది, లక్ష్మణమ్మ వణకడం కనిపిస్తుంది. సరిగ్గా 'హూఁ' రావలసిన చోట ఈలలు, కేకలు, "అమ్మోరొచ్చినాది" అన్న అరుపులు. ఒకదాంట్లో నా గొంతే అడ్డమొచ్చింది, "చప్పట్లు కొట్టండీ" అని. ఆ వీడియో వాడు నాకు చూపించలేదు. హేమ చూపించింది.

చివరికి వాడో పిచ్చి పని చేశాడు. అన్నదమ్ములం కదా, గొంతు కలుస్తుందనుకున్నాడు. మైకు ముందు కూర్చుని తనే 'హూఁ' అని, దాన్ని దరువు చివర అతికించాడు. నన్ను రమ్మని కబురు పెట్టాడు. నేను వెళ్ళేసరికి లక్ష్మణమ్మ వాకిట్లో నెత్తళ్ళు ఎండబోస్తోంది. వాడు చిన్న స్పీకరు గడప మీద పెట్టి మీట నొక్కాడు. నాకైతే తేడా తెలియలేదు.

ఆవిడ చేతిలో చేపలు అలాగే పట్టుకుని మొత్తం వింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వింది. అప్పుడు లేచి వచ్చి, స్పీకరు వైపు చూడకుండా సరాసరి వాడి దగ్గరికి వెళ్ళి, ఉడికిన అన్నం మీద మూత పెట్టినంత నెమ్మదిగా లాప్‌టాప్ మూసింది. పొలుసులు అంటిన చేతి ముద్ర దాని మీద మిగిలింది. తిరిగి వెళ్ళి నెత్తళ్ళు పరవడం మొదలుపెట్టింది.

నేను బస్సుకు బయల్దేరితే భాస్కర్ రోడ్డుదాకా వచ్చాడు. బస్సు హారన్ దూరంగా వినపడ్డాక అన్నాడు.

"అన్నని సెరిపేసినాననే ఏడుపు ఒకటి, అక్కా. ఇంకోటుంది. బువ్వ తిన్నావేట్రా అని ఇన్నేల్లూ అమ్మ నన్నే అడుగుతన్నాదనుకున్నాను. బాక్సుని అడిగినాది. నేను ఎనకాల కూకుని జవాబు సెప్పినాను."

కళ్ళు లోపలికి పోయి, చొక్కా వేలాడుతూ, వాడు తిండి తిని ఎన్ని పూటలయిందో తెలుస్తూనే ఉంది. ఆ మాట నేనైనా అడుగుదామని నోరు తెరిచాను. ఏ నోరు పడితే ఆ నోరు అడిగితే సరిపోయే మాటయితే, రోజూ అడిగే హేమ నోరే సరిపోయేది. అడగకుండానే బస్సెక్కాను.